కీటో మొదలుపెట్టాక కడుపు ఎదురు తిరిగితే…

ప్రశ్న: నా వయసు 36. బరువు తగ్గాలని కీటో ఆహారం (పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి) మొదలుపెట్టి పది రోజులైంది. పిండిపదార్థాలు రోజుకు 20 గ్రాములు దాటనివ్వడం లేదు. మొదటి నాలుగైదు రోజులు అసలు మోషనే కాలేదు. ఆరో రోజు నుంచి పొద్దున్నే పరగడుపున బ్లాక్ కాఫీలో రెండు టేబుల్ స్పూన్ల ఎంసీటీ (మీడియం చైన్ ట్రైగ్లిజరైడ్స్, అంటే మధ్యస్థ గొలుసు కొవ్వుల) నూనె, ఒక టీస్పూన్ వెన్న కలుపుకుని తాగుతున్నాను. అప్పటి నుంచి వ్యవహారం తలకిందులైంది. కాఫీ తాగిన గంటలోపే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, నీళ్ల విరేచనాలు. సాయంత్రానికి కడుపు ఉబ్బిపోతోంది. తీపి మీదకు మనసు పోయినప్పుడు మధ్యాహ్నం పూట షుగర్‌ఫ్రీ చాక్లెట్ తింటున్నాను. రాత్రి పడుకుంటే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. షుగర్, బీపీ లేవు, మందులేవీ వాడను. ‘శరీరం అలవాటు పడేదాకా ఇంతే, ఓర్చుకోవాలి’ అంటున్నారు. ఓర్చుకోవాలా, మానేయాలా?

సమాధానం: రెండూ అక్కర్లేదు. మీరు రాసినవాటిలో ఓర్చుకుంటే తగ్గేది ఒకటి ఉంది, ఎంత ఓర్చుకున్నా తగ్గనివి మూడున్నాయి. వాటన్నిటికీ ‘కీటో’ అని ఒకే పేరు పెట్టడం వల్ల మీకు దారి దొరకడం లేదు. మలబద్ధకానికి కారణం వేరు, విరేచనాలకు కారణం వేరు, ఉబ్బరానిది మరో కథ.

రేపటి నుంచి మూడు రోజుల పాటు ఈ మూడు మార్పులు చేయండి. ఎంసీటీ నూనె పూర్తిగా ఆపండి. షుగర్‌ఫ్రీ చాక్లెట్, కీటో బార్లు, కీటో బిస్కెట్లు ఏవున్నా పక్కన పెట్టండి. రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించండి. మిగతా ఆహారం ఇప్పుడున్నట్టే ఉంచండి. ఒకేసారి పది మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ముందుగా ఆ కాఫీ సంగతి. మామూలు నూనెల్లో, వెన్నలో, మాంసంలో ఉండే కొవ్వు ఆమ్లాల గొలుసులు పొడవైనవి. ఎక్కువగా 16, 18 కార్బన్లు ఉంటాయి. అవి పిత్తరసంలో కలిసి, క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైమ్ వల్ల విడిపోయి, లింఫ్ నాళాల గుండా నెమ్మదిగా రక్తంలోకి చేరతాయి. ఎంసీటీలో ఉండేవి వాటికన్నా పొట్టిగా, 8, 10 కార్బన్లు ఉండే మధ్యస్థ గొలుసులు. ఇవి పేగులో చాలా వేగంగా విడిపోయి, నేరుగా కాలేయానికి వెళ్లి, అక్కడ కీటోన్లుగా, అంటే చక్కెరకు బదులు శరీరం వాడుకునే ఇంధనంగా మారతాయి. కీటో చేసేవాళ్లు దాన్ని ఇష్టపడేది ఈ వేగం చూసే. చిక్కు కూడా ఆ వేగంతోనే వస్తుంది. ఒక్కసారిగా విడిపోయిన ఆ అణువులు చిన్నపేగులో కిక్కిరిసి, చుట్టుపక్కల కణజాలం నుంచి నీటిని లోపలికి లాగుతాయి. కడుపులో మరో ఆహారం లేదు కాబట్టి నూనె ఆగేదీ ఉండదు. దానికి తోడు కాఫీ, దానంతటదే పెద్దపేగును కదిలిస్తుంది. ఈ మూడూ ఒక కప్పులో కలిస్తే గంటలో విరేచనం కావడం వింతేమీ కాదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లల కోసం కీటో ఆహారం 1921 నుంచీ వాడుకలో ఉంది. ఎంసీటీ నూనెతో చేసే పద్ధతిని 1971లో పీటర్ హట్టెన్‌లాకర్ ప్రవేశపెట్టారు. అందులో రోజువారీ శక్తిలో 60 శాతం దాకా ఈ నూనె నుంచే వచ్చేది. కడుపునొప్పి, విరేచనాలు ఎక్కువగా రావడంతో ఆ తర్వాత నూనె వాటాను సగానికి తగ్గించిన పద్ధతి వచ్చింది. వైద్యుల పర్యవేక్షణలో ఉన్నవారికే మోతాదు తగ్గించాల్సి వచ్చిన నూనెను మీరు మొదటి రోజే 30 మిల్లీలీటర్లు, అదీ పరగడుపున తీసుకున్నారు.

మూడు రోజుల తర్వాత కడుపు కుదుటపడి, మీకు ఎంసీటీ నిజంగా కావాలనిపిస్తే ఒక టీస్పూన్‌తో, అంటే 5 మిల్లీలీటర్లతో మళ్లీ మొదలుపెట్టండి. భోజనం మధ్యలో తీసుకోండి, ఖాళీ కడుపుతో వద్దు. నాలుగు రోజులు ఇబ్బంది లేకపోతే మరో పూట భోజనంతో ఇంకో టీస్పూన్ చేర్చండి. ఒక పూటకు ఒక టేబుల్ స్పూన్ మించకండి. నొప్పి తిరిగొస్తే వెనక్కి, ముందటి మోతాదుకు వెళ్లండి. దీన్ని వేపుళ్లకు వాడకండి, మామూలు వంటనూనెల కన్నా తక్కువ వేడికే పొగ వస్తుంది. కొబ్బరినూనెనూ ఎంసీటీనూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. కొబ్బరినూనెలో దాదాపు సగం 12 కార్బన్ల లారిక్ ఆమ్లం. అది పేగులో చాలావరకు పొడవు గొలుసు కొవ్వులాగే నడుచుకుంటుంది. అందుకే కొబ్బరినూనె పడినవారికి ఎంసీటీ పడకపోవచ్చు.

మా మాట అడిగితే, బరువు తగ్గడానికి ఆ నూనె మీకు అవసరమే లేదు. కీటోసిస్, అంటే రక్తంలో కీటోన్లు పెరిగిన స్థితి, పిండిపదార్థాలు తగ్గడం వల్ల వస్తుంది. కొవ్వు ఎంత పోస్తే అంత కీటో అనుకోవడం వల్లే సగం మంది కడుపు పాడుచేసుకుంటారు. లెక్క చూడండి. రోజుకు 2000 కేలరీలు ఖర్చు చేసే మనిషి 20 గ్రాముల పిండిపదార్థాలు, 100 గ్రాముల ప్రొటీన్ తింటే 480 కేలరీలు వస్తాయి. మిగతా 1520 కేలరీలు కొవ్వు నుంచే రావాలి, అంటే దాదాపు 169 గ్రాములు. అదంతా కంచంలోంచే రావాలని ఎవరన్నారు? రోజుకు 500 కేలరీలు తక్కువ తింటే సుమారు 55 గ్రాముల కొవ్వును శరీరం తన నిల్వల్లోంచి తీసుకుంటుంది. మీరు బరువు తగ్గాలనుకున్నది అందుకే కదా. తినాల్సింది 113 గ్రాములు. మూడు పూటలకు పంచితే పూటకు 35 నుంచి 40 గ్రాములు. ఒక గుడ్డులో 5 గ్రాములు, టేబుల్ స్పూన్ నూనెలో 14, ముప్ఫై గ్రాముల బాదంలో 15 గ్రాముల కొవ్వు ఉంటుందని గుర్తుపెట్టుకుంటే కొలవడం కష్టం కాదు. మీ కాఫీ ఒక్కటే ఏకంగా 30 గ్రాములు దాటేది, అదీ ద్రవరూపంలో.

మామూలు కొవ్వు విషయంలోనూ హద్దు ఉంది. కొవ్వు తిన్నప్పుడు పిత్తాశయం ముడుచుకుని నిల్వ ఉన్న పిత్తరసాన్ని పేగులోకి వదులుతుంది. ఒక విడతలో వచ్చే నిల్వ 30 నుంచి 50 మిల్లీలీటర్లే. క్లోమం కూడా ఆహారాన్ని బట్టి లైపేజ్‌ను పెంచుకుంటుంది గానీ రాత్రికి రాత్రి కాదు. నిన్నటిదాకా పూటకు 15 గ్రాముల కొవ్వు తిన్న కడుపు ఇవాళ 60 గ్రాములు చూస్తే కొంత అరగకుండా బయటకు పోతుంది. మలం పాలిపోయి, జిడ్డుగా, నీళ్లపై తేలుతూ, ఒకసారి నీళ్లు కొడితే పోకుండా అంటుకుంటుంటే అది అరగని కొవ్వు గుర్తు. పూటకు తినే కొవ్వు తగ్గించి, పూటలు పెంచడమే దీనికి మందు. రెండు వారాలైనా అలాగే ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. పిత్తాశయం తీయించుకున్నవారికి నిల్వ ఉండే చోటే లేదు. పిత్తరసం బొట్లుబొట్లుగా పేగులోకి కారుతూనే ఉంటుంది. వాళ్లు పూటకు 20 గ్రాముల కొవ్వుతో మొదలుపెట్టి, నాలుగైదు పూటలుగా తినడం మేలు.

ఇక సాయంత్రం ఉబ్బరం. చాక్లెట్ ప్యాకెట్ వెనక చూడండి. మాల్టిటాల్, సార్బిటాల్, జైలిటాల్, ఐసోమాల్ట్, ఇనులిన్, పాలీడెక్స్‌ట్రోజ్ పేర్లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. వీటిలో చాలాభాగం చిన్నపేగులో ఇంకదు. పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా వీటిని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తాయి. మిగిలింది నీళ్లను లాగుతుంది. సార్బిటాల్ 10 గ్రాములకే కొందరికి ఉబ్బరం వస్తుంది, 20 గ్రాములకు విరేచనాలు కావచ్చు. షుగర్‌ఫ్రీ చాక్లెట్ 100 గ్రాముల బార్‌లో మాల్టిటాల్ 30 గ్రాములకు పైగా ఉండటం మామూలే. పైగా మాల్టిటాల్‌లో కొంత రక్తంలో చక్కెరగా మారుతుంది. ప్యాకెట్ మీద ‘నెట్ కార్బ్స్ (ఒంటికి పట్టే పిండిపదార్థం) 2 గ్రాములు’ అని గొప్పగా రాసుకునేవాళ్లు దాన్ని మొత్తంగా తీసేసి లెక్క చెబుతారు. తీపి లేకుండా ఉండలేకపోతే ఎరిత్రిటాల్ కొంత నయం. అది చాలావరకు చిన్నపేగులోనే రక్తంలోకి చేరి మూత్రంలో పోతుంది. అదీ ఒకేసారి 30 గ్రాములు దాటితే కడుపులో తిప్పుతుంది.

చాక్లెట్ ఆపిన మూడు రోజులకీ ఉబ్బరం తగ్గకపోతే అప్పుడు పాల పదార్థాల వైపు చూడండి. క్రీమ్, మెత్తటి చీజ్, ప్రొటీన్ పొడిలో లాక్టోజ్ అనే పాల చక్కెర ఉంటుంది. బాగా మాగిన గట్టి చీజ్‌లో, వెన్నలో లేనట్టే.

కారణం దేనిదో తేల్చుకోవడానికి ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని, తిన్నది ఏమిటి, ఇబ్బంది ఎంతసేపటికి వచ్చింది అన్న రెండే రాయండి. ఎంసీటీ అయితే గంట లోపు. లాక్టోజ్ అయితే సాధారణంగా అరగంట నుంచి రెండు గంటలు. చక్కెర ఆల్కహాల్స్ (చాక్లెట్‌లోని మాల్టిటాల్, సార్బిటాల్ లాంటివి) అయితే కొన్ని గంటలు పట్టవచ్చు, అందుకే మధ్యాహ్నం తిన్న చాక్లెట్ నేరం రాత్రి భోజనం మీద పడుతుంది. పీచు తక్కువైన ఫలితం రెండు మూడు రోజులకు గానీ బయటపడదు.

ఇప్పుడు మొదటి సమస్య, మలబద్ధకం. విరేచనాలు ఆగగానే అది తిరిగి రావడం దాదాపు ఖాయం, ఎందుకంటే దాని కారణాన్ని మీరింకా సరిచేయలేదు. కాలేయంలో దాదాపు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాముల గ్లైకోజెన్ (శరీరం దాచుకునే పిండిపదార్థం) ఉంటుంది. ప్రతి గ్రాము తనతో మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు ఆపగానే ఆ నిల్వ కరిగి నీరు బయటకు పోతుంది. తొలివారం తూకంలో కనిపించే ఒకటిన్నర, రెండు కిలోల తగ్గుదలలో ఎక్కువ భాగం ఈ నీరే. ఇన్సులిన్ తగ్గడంతో మూత్రపిండాలు సోడియంను కూడా వదిలేస్తాయి, దాని వెంట మరికొంత నీరు పోతుంది. శరీరంలో నీటికి కరువొస్తే పెద్దపేగు మలంలోంచి ఆఖరి చుక్క దాకా పిండుకుంటుంది. ధాన్యాలు, పప్పులు, పండ్లు మానేయడంతో పీచు కూడా పోయింది. మోషన్ రాకపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అన్నట్టు, రోజూ వెళ్లకపోవడమే మలబద్ధకం కాదు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే. కీటోలో పేగులో మిగిలే పిప్పి తక్కువ కాబట్టి రెండు రోజులకోసారి వెళ్లినా, మెత్తగా, ముక్కాల్సిన పని లేకుండా అవుతుంటే కంగారు వద్దు. ఓర్చుకుంటే సర్దుకునేది అని మొదట్లో చెప్పింది దీన్నే. గట్టి ఉండలుగా వస్తుంటే మాత్రం సరిచేయాలి.

మీరు 20 గ్రాములు అన్నది మొత్తం పిండిపదార్థమా, పీచు తీసేసిన లెక్కా? మొత్తం 20 అయితే అందులో పీచు పది గ్రాములు రావడం కూడా కష్టం. పీచు రక్తంలో చక్కెరగా మారదు, కాబట్టి దాన్ని తీసేసి లెక్కపెట్టండి. ఒక జాగ్రత్త: అమెరికా లేబుళ్లలో కార్బోహైడ్రేట్ అంకెలో పీచు కలిసే ఉంటుంది, యూరప్ లేబుళ్లలో ముందే తీసేసి ఉంటుంది. యూరప్ ప్యాకెట్ మీద మళ్లీ తీసేస్తే లెక్క తప్పుతుంది.

రోజుకు 25 గ్రాముల పీచు లక్ష్యంగా పెట్టుకోండి. అది కీటోలో సాధ్యమే. పొడి చేసిన అవిసె గింజలు రెండు టేబుల్ స్పూన్లలో 4 గ్రాములు. నానబెట్టిన చియా గింజలు 15 గ్రాముల్లో 5. వంద గ్రాముల అవకాడోలో దాదాపు 7. ముప్ఫై గ్రాముల బాదంలో మూడున్నర. ఆకుకూరలు, క్యాబేజీ, కాలీఫ్లవర్ కలిపి 300 గ్రాములు తింటే మరో 6 లేదా 7. ఇవన్నీ కలిపినా పీచు పోను మిగిలే పిండిపదార్థం 15 గ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. అవిసె గింజలు పొడి చేయకపోతే అలాగే గింజలుగా బయటకు వస్తాయి.

అయితే ఈ జాబితా అంతా రేపే మొదలుపెట్టకండి. విరేచనాలు, ఉబ్బరం తగ్గాక, మూడు నాలుగు రోజులకోసారి 5 గ్రాముల చొప్పున పెంచండి. తొందరపడితే గ్యాస్ మళ్లీ మొదలవుతుంది. ఇసబ్‌గోల్ వాడాలనుకుంటే ఒక టీస్పూన్‌ను 250 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, గట్టిపడక ముందే తాగి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. నీళ్లు చాలకపోతే అదే పేగులో ముద్దకట్టి అడ్డుపడుతుంది. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు వాడకూడదు. ఏవైనా మందులు వేసుకుంటే రెండు గంటల ఎడం ఉంచాలి.

నీళ్లు రోజుకు రెండు, రెండున్నర లీటర్లు. ఉప్పు లేకుండా నీళ్లు మాత్రమే పెంచితే అవి మూత్రంగా పోతాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. మీకు బీపీ లేదన్నారు కాబట్టి తొలి వారాల్లో మామూలుగా తినేదానికి అదనంగా అర టీస్పూన్ ఉప్పు రోజంతా పంచుకుని సూప్‌లోనో కూరలోనో వేసుకోవచ్చు. అందులో 1200 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. బీపీ, గుండె, మూత్రపిండాల సమస్యలున్నవారు డాక్టరును అడగకుండా ఇలా చేయకూడదు. ఉప్పును గ్లాసు నీళ్లలో చిక్కగా కలిపి పరగడుపున తాగే అలవాటు మాత్రం వద్దు, అదీ విరేచనాలు తెప్పిస్తుంది. ఎలక్ట్రొలైట్ పొడులు వాడేవాళ్లు అందులో మెగ్నీషియం సిట్రేట్ గానీ ఆక్సైడ్ గానీ ఉందేమో చూసుకోవాలి. రెండూ మోషన్‌ను వదులు చేస్తాయి. గట్టిగా ఉన్నప్పుడు అది వరం, వదులుగా ఉన్నప్పుడు అదే కారణం.

ఇన్ని చేసినా నాలుగు రోజుల దాకా మోషన్ రాకపోతే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి 17 గ్రాములు 240 మిల్లీలీటర్ల నీటిలో కలిపి రోజుకోసారి తీసుకోవచ్చు. అందులో పిండిపదార్థం ఉండదు. లాక్టులోజ్ సిరప్ మీలాంటి ఉబ్బరం ఉన్నవారికి సరిపడదు, గ్యాస్ పెంచుతుంది.

గుండెల్లో మంట గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. కొవ్వు కడుపును నెమ్మదిగా ఖాళీ చేయిస్తుంది, అన్నవాహిక అడుగున ఉండే కవాటాన్ని సడలిస్తుంది. కాఫీ, చాక్లెట్ కూడా మంటను ఎక్కువ చేయగలవు. రాత్రి పూట కొవ్వు 25 గ్రాములకు తగ్గించి ఆ వాటాను మధ్యాహ్నానికి మార్చండి, మంచం తలవైపు ఓ 15 సెంటీమీటర్లు ఎత్తు చేయండి, ఎడమవైపు తిరిగి పడుకోండి. రెండు వారాల్లో తగ్గాలి.

విరేచనాలు ఈ మూడు రోజుల్లో కొనసాగితే ఓఆర్ఎస్ తాగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన లీటరు ద్రావణంలో 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. కీటోసిస్ పోతుందని దాన్ని మానుకోకండి. ఆ గ్లూకోజ్ లేకపోతే పేగు ఉప్పునూ నీటినీ అంత బాగా పీల్చుకోలేదు. పోయిన కీటోసిస్ రెండు మూడు రోజుల్లో తిరిగొస్తుంది.

పది రోజులకూ కుదుటపడకపోతే పిండిపదార్థాలను 50 గ్రాములకు పెంచి రెండు వారాలు ఉండండి. ఆ తర్వాత వారానికి 10 గ్రాముల చొప్పున తగ్గించండి. చాలామందికి 50 దగ్గర కూడా కీటోన్లు వస్తాయి. అసలు మొదటి నుంచీ ఇలా దిగితే ఈ ఉత్తరమే రాయాల్సిన అవసరం వచ్చేది కాదేమో.

ఇంట్లో సర్దుకోకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. కొవ్వు తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలై అరగంటకు మించి ఉండటం, కుడి భుజానికి పాకడం పిత్తాశయంలో రాళ్లకు గుర్తు కావచ్చు. వారానికి కిలోన్నర కన్నా వేగంగా బరువు తగ్గేవారిలో ఈ రాళ్ల ప్రమాదం పెరుగుతుంది. పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి వీపులోకి దూసుకుపోతూ వాంతులైతే క్లోమం వాచి ఉండవచ్చు. మలంలో రక్తం, నల్లటి తారులాంటి మలం, జ్వరంతో విరేచనాలు, కడుపు బిగుసుకుపోయి గ్యాస్ కూడా కదలకపోవడం, నీళ్లు కూడా నిలవనంతగా వాంతులు… వీటిలో ఏదున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

షుగర్ మందులు వాడుతూ ఇది చదువుతున్నవారికి ఒక మాట. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వేసుకుంటూ కీటో చేస్తే కీటోఅసిడోసిస్ (కీటోన్లు విపరీతంగా పెరిగి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి) రావచ్చు. అప్పుడు రక్తంలో చక్కెర మామూలుగానే కనిపించవచ్చు. వికారం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ‘కీటో ఫ్లూ’ (కీటో తొలి రోజుల్లో వచ్చే నలత) అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. పాలిచ్చే తల్లులకూ ఈ ప్రమాదం ఉంది. ఆహారంతో వచ్చే కీటోసిస్‌లో రక్తంలో కీటోన్లు లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ మధ్య ఉంటాయి. ఈ లక్షణాలతో పాటు 3 దాటితే అత్యవసర విభాగానికే వెళ్లాలి. రీడింగ్ తీసే వీలు లేకపోయినా ఆగకుండా వెళ్లాలి. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు మోతాదు మార్పించుకోకుండా పిండిపదార్థాలు తగ్గించకూడదు.

మీ విషయానికొస్తే, ఈ పద్ధతిలో నడిచాక కూడా రెండు వారాలకు జిడ్డు మలం గానీ, మూడు వారాలకు విరేచనాలు గానీ ఉంటే కీటోను ఆపి, రాసుకున్న పుస్తకం పట్టుకుని జీర్ణకోశ నిపుణుడి దగ్గరకు వెళ్లండి. పిత్తాశయానికి అల్ట్రాసౌండ్, కాలేయ పరీక్షలు, ట్రైగ్లిజరైడ్లు, అవసరమైతే మలంలో కొవ్వు పరీక్ష చేయిస్తారు.